ఒకే నోరు

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశంలో అకాన్ భాష మాట్లాడేవాళ్లు నిజం చెప్పే గుణాన్ని ‘నోక్వారె’ అంటారు. ఆ మాటను విడదీస్తే ‘ఒకే నోరు’ అని అర్థం వస్తుంది. లోపల అనుకున్నదీ పైకి అన్నదీ ఒకటే అయితే ఆ మనిషిది ఒకే నోరు. అబద్ధాలాడేవాణ్ణి మనం రెండు నాలుకలవాడు అంటాం. మనవాళ్లు నాలుకలు లెక్కపెట్టారు, వాళ్లు నోళ్లు లెక్కపెట్టారు. లెక్క మాత్రం ఒకటే.

ఇలాంటి మామూలు మాటను చేతిలోకి తీసుకుని, దాన్ని గీటురాయి చేసుకుని, ఐరోపా తత్వశాస్త్రం వందల ఏళ్లుగా మోస్తూ వచ్చిన ప్రశ్నల్ని దాని మీద గీసి చూసినవాడు క్వాసీ విరెడు. ఏది బంగారం, ఏది పైపూత అని. ఆఫ్రికా తత్వచింతన గురించి చదవడం మొదలుపెట్టినవాళ్లకు మొదట ఎదురయ్యేది ‘ఉబుంటు’ అనే మాట. మనం ఉన్నాం కాబట్టి నేనున్నాను అనే భావం అది. గొప్ప భావమే. కానీ దాన్ని కప్పుల మీద, చొక్కాల మీద అచ్చువేసి అమ్మేసరికి అందులోని ఆలోచన పలచబడిపోయింది. విరెడు రాతలో ఆ పలచదనం ఎక్కడా కనిపించదు. ఆయన ఏమన్నాడన్నది ఎంత ముఖ్యమో, ఎలా పనిచేశాడన్నది అంతకన్నా ముఖ్యమని నాకనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆయన పనితనం గురించే.

విరెడు 1931లో కుమాసీలో పుట్టాడు. కుమాసీ అంటే అకాన్లలోని అసాంతె వాళ్ల రాజ్యపు పాత రాజధాని. అప్పటికి ఆ దేశం పేరు గోల్డ్ కోస్ట్, పాలన బ్రిటిష్ వాళ్లది. 1957లో ఘనా స్వతంత్రమైంది. ఆ మరుసటి ఏడు లెగాన్‌లోని యూనివర్సిటీలో చదువు ముగించుకుని ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. అక్కడ గిల్బర్ట్ రైల్ దగ్గర పరిశోధన చేశాడు. మాటల్ని ఎలా వాడుతున్నామో గమనించకపోతే లేని సమస్యల్ని పుట్టించుకుంటామని చెప్పిన రైల్ శిష్యరికం ఆయనకు బాగా పనికొచ్చింది. తిరిగొచ్చి లెగాన్‌లో ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాడు. 1980లో ‘ఫిలాసఫీ అండ్ యాన్ ఆఫ్రికన్ కల్చర్’ వచ్చింది. తర్వాత అమెరికాలో, టాంపాలోని సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీకి వెళ్లి స్థిరపడ్డాడు. 1996లో ‘కల్చరల్ యూనివర్సల్స్ అండ్ పర్టిక్యులర్స్’ వచ్చింది. 2022 జనవరిలో కన్నుమూశాడు.

ఆయన కలం పట్టేనాటికి ఆఫ్రికా తత్వం అంటే రెండు రకాల మాటలు వినిపించేవి. అసలు ఆఫ్రికాలో తత్వశాస్త్రమే లేదన్నది ఒకటి. బెల్జియం నుంచి కాంగో వెళ్లిన ప్లాసీద్ టెంపెల్స్ అనే పాద్రీ 1945లో ‘బంటు ఫిలాసఫీ’ రాసి, బంటు జాతి మొత్తానికీ ఒకే తత్వం ఉందని చెప్పాడు. అది రెండోది. మొదటిది అవమానం. రెండోది మెచ్చుకోలులా కనిపిస్తుంది గానీ, అందులోనూ ఒక ఇబ్బంది ఉంది. ఊరంతా ఒకేలా ఆలోచిస్తుందంటే ఊళ్లో ఆలోచించే మనిషి ఎవరూ లేరన్నట్టే. బెనిన్ దేశపు పాలిన్ హూంటొంజీ దీన్ని గట్టిగా ఎండగట్టాడు. విరెడు మాత్రం నెమ్మదిగా, ముందు తూకపు రాళ్లు సరిచూద్దామన్నాడు. ఆఫ్రికా పల్లెలో ముసలాయన చెప్పిన నమ్మకాన్ని తెచ్చి ఐరోపా శాస్త్రవేత్త సిద్ధాంతం పక్కన పెట్టి చూస్తే ఏం తేలుతుంది? పల్లె నమ్మకాన్ని పల్లె నమ్మకంతోనే పోల్చాలి. దయ్యాల్నీ శకునాల్నీ నమ్మే జనం ఐరోపాలోనూ ఉన్నారు కదా అన్నాడు. ఇంత తేలికైన మాట చెప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చింది.

అంతటితో ఆగితే సొంత ఇంటిని కాపాడుకునే వకీలు అయ్యేవాడు. 1980 నాటి ఆ పుస్తకంలోనే తన సమాజానికున్న జబ్బులు కూడా చెప్పాడు. కాలం చెల్లిన పద్ధతుల్ని పట్టుకు వేలాడడం, పెద్దరికం పేరుతో చిన్నవాళ్ల నోరు మూయించడం, ప్రతిదానికీ కంటికి కనిపించని శక్తుల్ని కారణంగా చూపడం. ఈ మూడింటినీ పెట్టుకుని ముందుకు పోలేమన్నాడు. వలసపాలన తలలోకి ఎక్కించిన ఆలోచనల్ని వదిలించుకోవాలన్న మనిషే, తాతలు అప్పగించారు కదా అని ప్రతిదీ మోయక్కర్లేదు అని కూడా అన్నాడు.

ఇక ఆయన పని దగ్గరికి వద్దాం.

నిజం అంటే ఏమిటి? పాశ్చాత్య తత్వవేత్తలు చాలామంది ఒప్పుకున్న జవాబు ఒకటుంది. ఒక మాట వాస్తవానికి సరిపోతే అది నిజం. వినడానికి బాగానే ఉంది. ‘నిజం’ ఒక పక్క, ‘వాస్తవం’ ఇంకో పక్క, మధ్యలో ‘సరిపోవడం’ అనే వంతెన. ఆ వంతెన ఎలా కట్టుకొచ్చింది, ఎలా నిలబడింది అని వందల గ్రంథాలు రాశారు. విరెడు ఈ వాక్యాన్ని తన తల్లిభాషలోకి తీసుకొచ్చాడు. నోక్వారె ఇక్కడ పనికిరాదని ముందే గుర్తించాడు. అది మనిషి నిజాయితీకి సంబంధించిన మాట, దానికి ఎదురుగా ఉన్నది అబద్ధమాడడం. ఒక సంగతి నిజమా కాదా అని అడగాలంటే అకాన్‌లో ‘ఎతె సా’ అంటారు. ‘అది అలా ఉంది’ అని అర్థం. మరి వాస్తవానికి మాట ఏమిటి? ‘నెయా ఎతె సా’. అంటే ‘అలా ఉన్నది’.

ఇప్పుడు ఆ గంభీరమైన సిద్ధాంతాన్ని అకాన్‌లో చెప్పి చూడండి. ‘అది అలా ఉంది అంటే, అలా ఉన్నదానికి సరిపోతోంది అని అర్థం.’ చెప్పిందే మళ్లీ చెప్పినట్టయింది. రెండు ఒడ్లూ ఒకటేనని తేలింది. ఒడ్డు ఒకటే అయినచోట వంతెన కడతామంటూ అంతమంది కూర్చున్నారన్నమాట.

ఇక్కడ ఇంకెవరైనా అయితే గెలిచామని జెండా ఎగరేసేవారు. చూశారా, మా భాషలో నిలబడని సమస్య అసలు సమస్యే కాదు అనేవారు. విరెడు అలా అనలేదు. ఆయన పనితనం మీద నాకు గౌరవం కలిగింది సరిగ్గా ఇక్కడే. ఒక ప్రశ్న అకాన్‌లో నిలబడలేదంటే తప్పు ప్రశ్నదే కానక్కర్లేదు, అకాన్‌లోనే ఏదైనా లోటు ఉండవచ్చు అన్నాడు. కాబట్టి ఆ ప్రశ్న ఉత్తదని తేల్చాలంటే ఇంగ్లీషులోనూ ఒప్పుకోదగ్గ కారణం వేరే చూపాలి. తల్లిభాషలో చేసే పరీక్ష అనుమానాన్ని పుట్టిస్తుంది, తీర్పు చెప్పదు. కొన్ని సమస్యలు ఒక భాష నాలుకకు అంటుకుని పుట్టినవి, కొన్ని ఏ నాలుకకూ అంటనివి. ఏది ఏదో తేల్చడానికి రెండు భాషల్లోనూ కూర్చుని ఓపిగ్గా పని చేయాలి. అభిమానంతో తెగేసి చెప్పే వీలున్న చోట ఆయన ఆగాడు.

నిజం గురించే ఆయన 1980 నాటి పుస్తకంలో ఇంకో మాట కూడా అన్నాడు. నిజమన్నది చివరికి ఎవరో ఒకరు ఏదో ఒక చోటు నుంచి చూసి ఏర్పరచుకున్న అభిప్రాయమే అని. దానిమీద తోటి ఆఫ్రికన్ తత్వవేత్తలే విరుచుకుపడ్డారు. నాకూ అది మింగుడుపడదు. అందరూ ఒకలా అనుకుని అందరూ పొరబడిన సందర్భాలు మనిషి చరిత్రలో బోలెడు. ఎవరూ అనుకోని సంగతి కూడా ఒకటి ఉంటుంది కదా. అయినా, ఎవరి మాటా ఆఖరి మాట కాదు, నువ్వు చూస్తున్న చోటు కూడా ఒక చోటే అని గుర్తుచేయడానికి ఆయన అంత దూరం వెళ్లాడేమో అనిపిస్తుంది.

రెండో పరీక్ష ఇంకా అందమైనది. ‘ఉండడం’ అనే మాట మీద చేసింది. అకాన్‌లో ఏదైనా ఉంది అనాలంటే ‘వొ హొ’ అంటారు. ‘అక్కడ ఉంది’ అని. ఆ ‘అక్కడ’ను తీసేసి ఉత్త ‘ఉంది’ అనడానికి ఆ భాషలో దారి లేదంటాడు విరెడు. ఉండడమంటే ఎక్కడో ఒకచోట ఉండడమే. అలాంటప్పుడు, ఏమీ లేని శూన్యంలోంచి దేవుడు లోకాన్ని సృష్టించాడన్న క్రైస్తవ సిద్ధాంతాన్ని అకాన్‌లో ఎలా చెబుతారు? ఏమీ లేదంటే ‘అక్కడ ఏమీ లేదు’ అనే అర్థం. ‘అక్కడ’ అనేది అప్పటికే ఉంది. ఏ చోటూ లేని రోజున దేవుడు ఎక్కడున్నట్టు? అందుకే అకాన్ల దేవుడు ముడిసరుకును మలిచి లోకాన్ని తయారుచేసిన పనివాడిలా ఉంటాడే తప్ప, శూన్యంలోంచి తీసినవాడిలా ఉండడు.

ఇది చదువుతున్నప్పుడు నాకు ప్రహ్లాదుడు గుర్తొచ్చాడు. హరి ఉన్నాడని కొడుకు అంటాడు. తండ్రి వెంటనే అడిగేది ‘ఎక్కడ?’ అనే. ఉనికికి రుజువేమిటని అడగడు, చోటు చూపించమంటాడు. వాదన స్తంభం దగ్గర తేలుతుంది. మన తెలుగులోనూ ‘ఉన్నాడు’ అన్న మాట వినగానే ‘ఎక్కడ’ అన్నది నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. పోతన కథ విని పెరిగినవాళ్లకు విరెడు పరాయివాడిలా అనిపించడు.

నీతి దగ్గరికొస్తే ఆయన ముందుగా తేల్చింది, అకాన్లు దేవుణ్ణి నమ్ముతారు గానీ మంచిచెడ్డల్ని దేవుడి ఆజ్ఞ మీద ఆధారపెట్టలేదు అని. ఒక పని మంచిదయ్యింది అది మనుషులకు మేలు చేస్తుంది కనుక. దేవుడు మెచ్చుకుంటాడంటే అది మంచిది కనుకనే మెచ్చుకుంటాడు. ఆయన సాటి తత్వవేత్త క్వామె గెచె కూడా ఈ సంగతిలో ఆయనతో ఏకీభవించాడు. గెచె ఇంకో చక్కని సంగతి గమనించాడు. అకాన్లు ఒకడికి నీతి లేదు అనాలంటే ‘వాడికి మంచి నడత లేదు’ అంటారట. మనమూ అంతే. నీతిశాస్త్రం అనే పెద్ద మాట పుస్తకాల్లో ఉంటుంది. ఇంట్లో, వీధిలో వాడేది నడత, నడవడిక. మనిషి ఎలా నడుస్తున్నాడన్నదే చూస్తాం.

ఇక్కడ కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక్కో జాతికి ఒక్కో ఆచారం ఉన్నప్పుడు ప్రపంచానికంతా పనికొచ్చే నీతి ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి విరెడు చెప్పిన జవాబు ప్రపంచానికి ఆయన ఇచ్చిన వాటిలో పెద్దది. ఆచారాలు వేరు, నీతి వేరు అన్నాడు. పెళ్లి ఎలా చేసుకోవాలి, చనిపోయినవాళ్లకు ఏం చేయాలి, పెద్దవాళ్ల ఎదుట ఎలా నిలబడాలి అన్నవి ఆచారాలు. అవి ఊరికొక తీరుగా మారితే నష్టం లేదు. వాటి అడుగున ఒక్కటి మారనిది ఉంది. ఎదుటివాడి చోట నిన్ను నిలబెట్టుకుని చూసి, వాడి మేలూ నీ మేలూ పొందిక పడేలా నడుచుకోవడం. పక్షపాతం లేకపోవడం ఒక్కటే చాలదు, దానికి సానుభూతి తోడవ్వాలి. ఈ ఒక్క సూత్రం లేకుండా ఏ మానవ సమాజమూ నిలబడదన్నాడు. దీనికి ఆయన తెచ్చిన అకాన్ సామెత కళ్లకు కట్టినట్టుంటుంది. పక్కవాడి ఒంట్లో దిగబడినది నీకు చెట్టు మానులో దిగబడినట్టే ఉంటుందని దాని భావం. మనిషి సహజంగా ఎలా ఉంటాడో చెప్పి దెప్పిపొడిచే సామెత అది. ‘తనదాకా వస్తేగానీ తెలియదు’ అని మనం అనేది కూడా ఈ సంగతే. తనకు ఏది బాధ కలిగిస్తుందో అది ఇతరులకు చేయకపోవడమే ధర్మాలన్నిటికీ మూలమని తెలుగు మహాభారతంలో ఉన్న పద్యం చాలామందికి నోటికొచ్చు. రెండు వేర్వేరు ఖండాల వాళ్లు ఒకరినొకరు చూడకుండానే ఒకే చోటికి ఎలా చేరారన్న ప్రశ్నకు విరెడు జవాబు సూటిగా ఉంటుంది. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలుగుతున్నారంటేనే, ఒక భాషలోని మాటను ఇంకో భాషవాడు నేర్చుకోగలుగుతున్నాడంటేనే, అందరికీ ఉమ్మడిదైనది ఏదో అడుగున ఉందన్నమాట.

అకాన్‌లో ‘ఒనిపా’ అంటే మనిషి. ఈ మాటకు రెండు అర్థాలున్నాయని ఆయన విడదీసి చూపాడు. మనిషి పుట్టుక పుట్టిన ప్రతివాడూ ఒనిపానే. కానీ బాధ్యత తెలియక, కుటుంబాన్నీ బంధువుల్నీ పట్టించుకోక తిరిగేవాణ్ణి చూసి ‘వాడు ఒనిపా కాదు’ అంటారు. ‘అసలు మనిషివేనా?’ అని మనం అడిగినట్టే. రెండో అర్థంలో మనిషి అవడమంటే సంపాదించుకోవాల్సిన సంగతి. కొందరు ఎక్కువ అవుతారు, కొందరు తక్కువ అవుతారు. నైజీరియాకు చెందిన ఇఫియాని మెన్కిటి 1984లో దీన్ని మరీ ముందుకు తీసుకుపోయి, మనిషిని మనిషిగా చేసేది సమాజమే అన్నంత పని చేశాడు. అలాగైతే సమాజం కాదన్నవాడి గతేమిటి అని గెచె అడ్డుకున్నాడు. వ్యక్తి ముందా, సమూహం ముందా అన్న ఈ తగువు ఇప్పటికీ తెగలేదు.

విరెడు దీన్ని చూసిన తీరు వేరు. మనిషి అవడం సంపాదించుకోవాల్సిందే కావచ్చు, కానీ పుట్టిన ప్రతి బిడ్డలోనూ ‘ఒక్రా’ ఉంటుంది. అది నేరుగా దేవుడి నుంచి వచ్చిన అంశ అని అకాన్ల నమ్మకం. అందరిలోనూ ఒకటే ఒక్రా కనుక అందరికీ ఒకటే మర్యాద. దాన్ని ఎవరూ సంపాదించుకోనక్కర్లేదు, ఎవరూ పోగొట్టుకోలేరు. మానవ హక్కులన్న భావం తమవాళ్లలో ఎంత లోతున ఉండేదో చూపడానికి ఆయన పాత న్యాయపద్ధతిలోంచి ఒక సంగతి చెప్పాడు. విచారణ లేకుండా ఏ మనిషినీ శిక్షించకూడదు. చనిపోయినవాడినైనా సరే. మరణశిక్ష పడే నేరం చేశాడన్న అనుమానంతో ఉన్నవాడు ప్రాణం తీసుకుంటే, శవాన్ని అలాగే శిక్షించేవారు కాదు. ముందు విచారణ జరిపేవారు.  నేరం రుజువైతే శవానికి శిక్ష. శవం మీద జరిగే ఆ విచారణ నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు. ప్రాణం లేనివాడికి కూడా విచారణ లేకుండా శిక్ష వేయకూడదనుకున్నారు వాళ్లు.

అయితే అదే అసాంతె రాజ్యంలో రాజు చనిపోతే పరలోకంలో సేవ చేయడానికని మనుషుల్ని బలిచ్చే ఆచారమూ ఉండేది. విరెడు దాన్ని చాప కింద తోయలేదు. ఒక్రా అందరిలో ఉందన్న నమ్మకం నిజంగా పట్టి ఉంటే ఈ పని చేయగలిగేవారా? తమ గీటురాయి మీద తమవాళ్ల ఆచారాన్నే గీసి, ఇది నిలబడలేదని చెప్పాడు.

ఆయన రాతల్లో ఎక్కువ చర్చకు వచ్చినది రాజకీయాల మీద రాసిన వ్యాసం. అందులో ఒక మొసలి ఉంది. అకాన్ల చెక్కడాల్లో, అచ్చుబట్టల మీద కనిపించే బొమ్మ అది. రెండు తలలు, ఒకే కడుపు. ఆహారం కోసం రెండు తలలూ కొట్లాడుకుంటాయి. ఏ నోట్లో పడినా చేరేది ఒకే కడుపులోకి. మన పంచతంత్రంలోనూ ఒకే పొట్ట, రెండు తలలున్న పక్షి ఉంది. ఒక తల తీపి పండు తిని రెండో తలకు పెట్టదు. ఆ కోపంతో రెండో తల విషం మింగుతుంది. పక్షి చస్తుంది. మన కథ చావుతో ముగుస్తుంది. అకాన్ల బొమ్మలో మొసలి ఇంకా బతికే ఉంది, తలలు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నాయి. విరెడు చూపినది ఆ బతికి ఉండే వీలునే.

అసాంతె పాలనలో ఒక్కో వంశం నుంచి ఒక పెద్ద సభలో కూర్చునేవాడు. తేడా వస్తే మాట్లాడుకుంటూనే ఉండేవారు, అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా. ఓటుకు వాళ్ల భాషలో పాతకాలపు మాటే లేదని, ఇప్పుడు వాడుతున్నది ఈ కాలంలో తయారైనదని ఆయన గుర్తుచేశాడు. మన ‘ఓటు’ కూడా అరువు మాటే కదా. సభలో కూర్చోవడం వేరు, నిర్ణయంలో నీ మాటకు చోటు దొరకడం వేరని ఆయన వాదన. నలభై తొమ్మిది మంది ఓడిపోయి యాభై ఒక్కమంది గెలిచేచోట ఓడినవాళ్లు లోపల ఉండి కూడా బయట ఉన్నట్టే. అందుకని పార్టీలు లేని ప్రజాస్వామ్యాన్ని ఆలోచించమన్నాడు. ఒక మాట మీదికి రావడమంటే అందరూ ఒకేలా నమ్మడం కాదని కూడా జాగ్రత్తగా చెప్పాడు. నమ్మకాలు ఎవరివి వాళ్లకు ఉండవచ్చు, ఇప్పుడు చేయాల్సిన పని ఏమిటన్నదాని మీద ఒప్పుకుంటే చాలు.

ఈ వాదనను వాడుకుని నియంతలు కావాలనుకున్నవాళ్లకు ఆయన దారి మూసేశాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆఫ్రికా నాయకులు చాలామంది మా సంప్రదాయమే ఏకాభిప్రాయం కనుక మాకు ఒకే పార్టీ చాలునన్నారు. ఎదురు చెప్పేవాణ్ణి జైల్లో పెట్టి తెచ్చుకునేది ఏకాభిప్రాయం ఎలా అవుతుందని విరెడు అడిగాడు. ఈ ప్రశ్న మనకూ కొత్త కాదు. ‘ఏకగ్రీవం’ అంటే ఒకే మెడ అని అర్థం, అకాన్ల ‘ఒకే నోరు’కు దగ్గరి చుట్టం. పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకున్న ఊళ్లకు రెండు తెలుగు ప్రభుత్వాలూ నజరానాలు ప్రకటించిన సందర్భాలున్నాయి. పదవిని వేలం వేసి, లేదా నామినేషన్ వేయబోయినవాణ్ణి బెదిరించి తెచ్చుకున్న ఏకగ్రీవాల వార్తలూ వస్తుంటాయి. మాట్లాడి మాట్లాడి ఒకటైన నోరు వేరు, నొక్కిపెట్టి ఒకటి చేసిన మెడ వేరు.

నైజీరియాకు చెందిన ఇమ్మాన్యుయేల్ ఎజె ఆయన్ని గట్టిగానే ఎదుర్కొన్నాడు. రెండు తలలకూ కడుపు ఒకటేనని మొసలి విషయంలో తెలుసు, మనుషుల విషయంలో ఎవరు చెప్పారు? ఒకడి మేలు నిజంగానే ఇంకొకడికి కీడైతే? పెద్దల మాటకు ఆ బలం పూర్వీకుల మీది భయభక్తుల నుంచి వచ్చింది కాదా? ఈ ప్రశ్నలకు విరెడు దగ్గర పూర్తి జవాబు ఉందని నేను అనుకోను. కులాల మధ్య భూమి తగాదాలు చూసిన తెలుగు పాఠకులకు ఎజె అనుమానం ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ రకం ఆలోచన న్యాయస్థానంలోనూ పనిచేసింది. 1995 జూన్ 6న దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం మక్వన్యానె కేసులో మరణశిక్షను కొట్టేసింది. 11 మంది న్యాయమూర్తులూ ఒక మాట మీదే నిలిచారు. వాళ్లలో ఈవాన్ మొక్గోరో, పియస్ లాంగా లాంటి వాళ్లు ఉబుంటును పేరు పెట్టి చెప్పి, ఘోరమైన నేరం చేసినవాడిలో కూడా మనిషి మిగిలే ఉంటాడని రాశారు. కప్పుల మీద కనిపించే మాట ఇక్కడ ఉరికంబం ముందు నిలబడింది.

విరెడు ముఖ్యమైన పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తల్లిభాషలో ఆలోచించి చూడండని చెప్పింది కూడా ఇంగ్లీషులోనే. చదివేవాళ్లు ఎక్కడెక్కడి భాషలవాళ్లో కనుక అలా చేయక తప్పలేదు. అయితే ఆయన పెట్టిన పరీక్షను ఎవరి భాషలో వాళ్లు చేసుకోవచ్చు. అకాన్‌లో ‘అద్వెనె’ అంటే ఆలోచన, ఆలోచించే శక్తి. అది ఒంట్లో ఉండే వస్తువు కాదు, కనుక మనసుకూ శరీరానికీ సంబంధం ఏమిటన్న ఐరోపావాళ్ల చిక్కుముడి అకాన్‌లో అలా పడదన్నాడాయన. ఇది చదివి నేనొక కాగితం మీద మూడు మాటలు రాసుకున్నాను. మనసు, బుద్ధి, బుర్ర. మనసు పడతాం, మనసు విరుగుతుంది, మనసుకు తోస్తుంది. బుద్ధి చెబుతాం, బుద్ధి పుడుతుంది. బుర్ర పెడతాం, బుర్ర తింటారు. ఇంగ్లీషువాళ్లు ‘మైండ్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్న చోట మనకు మూడున్నాయి, ఏదీ దానికి సరిగ్గా అతకదు. ఆ మూడింటిలో ఆలోచించేది ఏది, బాధపడేది ఏది అని రోజూ కాసేపు వాక్యాలు రాసి చూస్తున్నాను. ఇంకా మొదటి మాట దగ్గరే ఉన్నాను.